పాముకాటు రోగికి మొదటి ఆసుపత్రిలోనే మందు మొదలుకావాలి

చిన్న ఆసుపత్రి డాక్టరుగా మీరు రాసి అడిగిన ప్రశ్నలు మూడు. కరిచిన పాము ఏదో తెలియనప్పుడు విషవిరుగుడు మందు (ఏఎస్‌వీ) ఇవ్వవచ్చునా. ఇస్తే రియాక్షన్ వచ్చి రోగి మన చేతుల్లోనే పోతే ఏమి చేయాలి. వెంటిలేటరు గాని మత్తు డాక్టరు గాని లేని చిన్న ఆసుపత్రిలో రోగిని ఉంచుకోవడం మేలా, వెంటనే అనంతపురం పంపించడం మేలా. వీటికి విడివిడిగా సమాధానం చెప్పవచ్చును గాని, నా అనుభవంలో ఇవి మూడూ ఒకే ప్రశ్న: మందు ఎక్కడ మొదలుకావాలి? విషం ఎక్కిన గుర్తులు కనిపించిన రోగికి, అతడు మొదట అడుగుపెట్టిన ఆసుపత్రిలోనే, 108కు ఫోను చేసే లోపలే మందు మొదలుకావాలి. తక్కిన సంగతులన్నీ దాని తర్వాతివి.

నేను ఇరవై ఏళ్లకు పైగా రాయలసీమలోని చిన్న ఆసుపత్రుల్లోనే పనిచేశాను. ఎక్కువ కాలం కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు మెట్ట మండలాల్లో గడిచింది. మధ్యలో కొన్నేళ్లు నంద్యాల వైపు, కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింది వరి పొలాల ఊళ్లలో ఉన్నాను. రెండు చోట్లా పాములు వేరు, కాట్ల తీరు వేరు, కాని రోగులు చనిపోయే కారణం మాత్రం ఒక్కటే కనిపించేది: ఆలస్యం. 2005వ సంవత్సరానికి వేసిన ఒక జాతీయ అంచనా ప్రకారం దేశంలో పాముకాటుతో సుమారు 46,000 మంది చనిపోతే, అందులో 5,200 మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వారు; ఉత్తరప్రదేశ్ తర్వాత రెండో స్థానం మనదే. వారిలో అత్యధికులు ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు. గడప తొక్కిన తర్వాత కూడా మందు అందక పోయేవారు కొందరుంటారు. మీ ప్రశ్న వారి గురించినది కనుక నేను వివరంగా రాస్తున్నాను.

ముందుగా పాము సంగతి. మన ప్రాంతంలో ప్రాణం తీయగల పాములు ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి. మనకు దొరికే విషవిరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి తయారైనదే. ఏ కంపెనీ మందైనా అంతే. అందుచేత నాలుగింటిలో కరిచింది ఏదన్నది తెలియకపోయినా ఇవ్వవలసిన మందు మారదు. బంధువులు చంపి సంచిలో వేసి తెచ్చిన పామును చూడవచ్చును గాని, దానిపై నిర్ణయాన్ని నిలబెట్టకూడదు. రెండు తలల పామును రక్తపింజరి అని, ఇంట్లో తిరిగే చిన్న చారల పామును కట్లపాము అని తెచ్చిన వారిని నేను ఎన్నోసార్లు చూశాను. ఒకసారి జెర్రిపోతును చంపి తెచ్చి, విషం లేని పాము కనుక సూది వద్దని వాదించిన మనిషికి, అతని కాలి గాయం నుంచి నెత్తురు ఆగకుండా కారుతూనే ఉంది. కరిచిన పాము రాళ్లలోకి పోయింది, చచ్చిన పాము దారిన పోతున్న మరొకటి. చచ్చిన పాము తల కూడా కొంతసేపటి వరకు కాటు వేయగలదు కాబట్టి ఆ సంచిలో చెయ్యి పెట్టవద్దని మీ సిబ్బందికి గట్టిగా చెప్పండి. కోరల గుర్తులను కూడా ఎక్కువగా నమ్మవద్దు. రెండు గుర్తులున్నా విషం దిగకపోవచ్చును; ఒక్క గుర్తూ లేకపోయినా కట్లపాము కరిచి ఉండవచ్చును.

ఇంకొక మాట. మన ఊళ్లలో రాత్రిపూట పాము పేరు ఎత్తరు, "పురుగు ముట్టింది" అంటారు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన నర్సు ఒకరు ఆ మాట విని, తేలో జెర్రో అనుకొని, దురద తగ్గే సూది వేసి ఒక రైతును ఇంటికి పంపబోయారు. వాచ్‌మన్ కలుగజేసుకోకపోతే ఆ మనిషి వెళ్లిపోయేవాడే. "పురుగు" అన్న ప్రతి రోగినీ పాముకాటుగానే భావించి, గుర్తులేవీ లేకపోయినా 24 గంటలు పరిశీలనలో ఉంచండి. ఆ 24 గంటల్లో ఏమీ రాకపోతే రోగి నడిచి వెళ్తాడు, మీకు పోయేది ఒక మంచం మాత్రమే.

ఇప్పుడు గుర్తుల సంగతి. పింజరి జాతి కాటులో రక్తం గడ్డకట్టే శక్తి పోతుంది. నాగుపాము, కట్లపాము కాటులో నరాల నుంచి కండరాలకు అందే ఆజ్ఞ తెగిపోతుంది. మొదటిదాన్ని పట్టుకోవడానికి పెద్ద ల్యాబు అక్కరలేదు. రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని నరం నుంచి తీసి, శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో పోసి, కదిలించకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టి ఉంటే సరి. నీళ్లలా జారితే విషం రక్తంలో పనిచేస్తున్నట్లే, మందు మొదలుపెట్టవలసినదే. చెప్పడానికి ఇంత సులువైన పరీక్షను చెడగొట్టుకునే దారులు మాత్రం చాలా ఉన్నాయి. గాజు ఉపరితలం తగలడం వల్లనే రక్తం గడ్డకట్టే క్రియ మొదలవుతుంది కాబట్టి ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. సబ్బుపొడితో కడిగిన గాజు గొట్టం కూడా పనికిరాదు. ఈ రెండో పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఒక వానాకాలంలో వరుసగా ముగ్గురు రోగుల రక్తం గడ్డకట్టలేదు. ముగ్గురికీ పది వయళ్ల (చిన్న మందు సీసాల) చొప్పున మందు ఎక్కించాము. మూడో మనిషికి వాపు లేదు, చిగుళ్ల నుంచి నెత్తురు లేదు, కరిచినచోట గీత కూడా సరిగా లేదు. అనుమానం వచ్చి అదే గొట్టాల్లో నా రక్తమే తీయించి పోశాను. అదీ గడ్డకట్టలేదు. వార్డులో పనిచేసే ఆమె గొట్టాలను సర్ఫ్ నీళ్లలో నానబెట్టి, మెరిసేటట్లు కడిగి, ఎండబెట్టి పెడుతున్నదని అప్పుడు తెలిసింది. ఆమె తప్పేమీ లేదు. వాడిన గొట్టాన్ని మళ్లీ వాడకూడదని నేను ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి రోగి రక్తంతో పాటు ఆరోగ్యంగా ఉన్న ఒకరి రక్తాన్ని కూడా పక్క గొట్టంలో పోసి చూడడం అలవాటు చేసుకున్నాను. మొదటి పరీక్షలో రక్తం గడ్డకట్టినంత మాత్రాన ఊరుకోకూడదు. మొదటి మూడు గంటలు గంటకొకసారి, ఆపైన 24 గంటల వరకు ఆరు గంటలకొకసారి మళ్లీ చేయాలి. మెట్ట మండలాల్లో రాతి గెనిమల దగ్గర, తాడిపత్రి వైపు నాపరాతి కుప్పల దగ్గర కరిచే ఇసుక పింజరి జానెడు పాము కనుక కాటును ఎవరూ లెక్కచేయరు. మరునాడు మూత్రంలో నెత్తురు చూసి పరుగెత్తుకు వస్తారు.

నరాల విషంలో మొదట వాలేవి కనురెప్పలు. రోగి నిద్ర వస్తున్నట్లుంది అంటాడు, బంధువులు భయంతో సొమ్మసిల్లాడు అంటారు. పైకి చూడమని అడిగి రెప్పలను గమనించండి. దిండు మీద నుంచి తల ఎత్తి పట్టుకోమనండి. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెల వరకు లెక్కపెట్టగలడో చూసి, కేసు షీటు మీద సమయంతో సహా రాయండి. అరగంట తర్వాత మళ్లీ లెక్కపెట్టించండి. ముప్పై దాకా లెక్కపెట్టిన మనిషి పద్దెనిమిది దగ్గర ఆగాడంటే, అతని మాట ఎంత స్పష్టంగా ఉన్నా, ఊపిరి కండరాల మీదికి విషం వస్తున్నదని అర్థం. ఈ స్థితిలో నోటి ద్వారా నీళ్లు కూడా ఇవ్వవద్దు, మింగలేడు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చొంగను సక్షన్‌తో తీయండి.

ఇందులో కట్లపామును గురించి వేరుగా చెప్పాలి. అది రాత్రిపూట ఇళ్లలోకి వస్తుంది, నేల మీద చాప వేసుకొని పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గుర్తే ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్లు ఉండడం, ఆపైన రెప్పలు వాలడం. ఎండాకాలం చివర, వానాకాలం మొదట, నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో వచ్చాడంటే గ్యాస్ సూది వేసే ముందు రెప్పలు చూడండి. ఒకసారి పదిహేనేళ్ల అమ్మాయిని తెల్లవారుజామున ఐదింటికి తెచ్చారు. రాత్రి తిన్న పులుసు పడలేదేమో అన్నారు. ఆరింటికి రెప్పలు ఎత్తలేకపోయింది, ఏడింటికి ఊపిరి ఆగింది. శ్వాసనాళంలోకి గొట్టం వేసి, చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కుతూ అంబులెన్సు ఎక్కించాము; దారి పొడుగునా ఒక గంటన్నర సేపు స్టాఫ్ నర్సు, ఆ అమ్మాయి అన్న మార్చి మార్చి నొక్కారు. పెద్దాసుపత్రి చేరేసరికి ఆమె కనుపాపలు విచ్చుకుపోయి ఉన్నాయి, వెలుతురుకు కదలలేదు, గిచ్చినా చలనం లేదు. చూసినవారెవరైనా ప్రాణం పోయిందనే అంటారు. నాలుగు రోజులు వెంటిలేటరు మీద ఉండి ఐదో రోజు వేళ్లు కదిలించింది. తర్వాత కలిసినప్పుడు, అంబులెన్సులో తన అన్న ఏడుస్తూ అన్న మాటలన్నీ తనకు వినిపించాయని చెప్పింది. కట్లపాము విషం మెదడును తాకదు. మనిషికి తెలివి ఉంటుంది, కండరం మాత్రం కదలదు. కనుపాపలు చూసి చేతులు దించుకోవడం ఈ ఒక్క రోగంలో చేయరాని తప్పు. ఊపిరి అందిస్తూ ఉంటే రోజుల్లో కోలుకుంటారు. మీ దగ్గర వెంటిలేటరు లేదని రాశారు. అంబు బ్యాగు ఉంది కదా, నొక్కే చేతులు ఉన్నాయి కదా.

నాగుపాము కాటు అయితే నరాల మీది దెబ్బకు ఇంకొక మందు కొంత పనిచేస్తుంది. పెద్దలకు అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములు నరంలోకి, నియోస్టిగ్మిన్ 1.5 మిల్లీగ్రాములు కండరంలోకి ఇచ్చి చూస్తే అరగంటలో రెప్పలు కొంత లేవవచ్చును. లేచాయంటే కొనసాగించండి, గంటయినా మార్పు లేకపోతే అది కట్లపామై ఉండవచ్చును, ఆ మందు మీద ఆశ వదిలేయండి. కట్లపాము విషం నరాల కొసలనే పాడుచేస్తుంది కాబట్టి అవి తిరిగి బాగుపడే దాకా ఏ మందూ దగ్గరిదారి కాదు. ఏ పామైనా ఏఎస్‌వీకి ఇది ప్రత్యామ్నాయం కాదన్నది గుర్తుంచుకోవాలి.

ఇక మోతాదు. రెండు రకాల గుర్తుల్లో ఏది కనిపించినా మొదటి మోతాదు 8 నుంచి 10 వయళ్లు. పొడి మందును ఒక్కొక్క వయల్‌కు 10 మి.లీ. నీటితో కలిపి, నురగ రాకుండా చేతిలో మెల్లగా తిప్పి కరిగించి, సెలైన్‌లో పోసి గంటలోపు ఎక్కించాలి. తొందరలో నర్సులు సీసాను గిలకొడతారు. నురగ కట్టిన మందులో కొంత చెడిపోతుంది. పిల్లలకూ ఇదే మోతాదు. ఐదేళ్ల బిడ్డకు పది వయళ్లా అని తల్లిదండ్రులే కాదు, ఫార్మసిస్టు కూడా అడుగుతాడు. పాము పిల్లవాడని విషం తగ్గించి దింపదు; మందు విషానికి ఇస్తున్నాము, మనిషి బరువుకు కాదు. బిడ్డకు తగ్గించవలసింది సెలైన్ పరిమాణాన్ని మాత్రమే. గర్భిణికి కూడా ఇవ్వవలసినదే. రెండు వయళ్లు ఇక్కడ, రెండు వయళ్లు అక్కడ అంటూ చుక్క చుక్కగా ఇవ్వడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. విషానికి సరిపోదు, మందూ మిగలదు. కరిచినచోట చుట్టూ మందు పొడవడం కూడా పాత రోజుల అలవాటే, అందువల్ల నొప్పి తప్ప ఫలితం లేదు.

రియాక్షన్ భయం గురించి మీరు నిజాయితీగా రాశారు. అది లేని డాక్టరు లేడు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి దాని రక్తం నుంచి తీసిన మందు ఇది. పరాయి ప్రోటీను కనుక మన ఒళ్లు తిరగబడడం వింత కాదు. టెస్ట్ డోస్ వేస్తే తెలుస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. చర్మం కింద వేసిన చుక్క ఎవరికి రియాక్షన్ వస్తుందో చెప్పలేదు, పైగా దాని కోసం అరగంట పోతుంది. చేయవలసింది వేరు. మందు మొదలుపెట్టే ముందే అడ్రినలిన్ 0.5 మి.లీ. సిరంజిలోకి తీసి, పేరు రాసి, రోగి తల దగ్గర పెట్టండి. మొదటి పావుగంట నిమిషానికి కొన్ని చుక్కలుగా, తర్వాత వేగంగా ఎక్కించండి. ఆ గంట మీరు గాని, నర్సు గాని మంచం వదలకూడదు. దురద, దద్దుర్లు, దగ్గు, వాంతి, బి.పి. పడిపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా డ్రిప్ ఆపి, ఆ అడ్రినలిన్‌ను తొడ బయటి కండరంలోకి పొడవండి. పిల్లలకు కిలోకు 0.01 మిల్లీగ్రాము. తగ్గకపోతే ఐదు పది నిమిషాల్లో మళ్లీ ఇవ్వవచ్చును. అలర్జీ తగ్గించే అవిల్, హైడ్రోకార్టిజోన్ తర్వాత ఇవ్వండి. వాటికి ప్రాణం నిలిపే వేగం లేదు. రోగి కుదుటపడ్డాక మందును మళ్లీ, మెల్లగా, తప్పకుండా మొదలుపెట్టాలి. రియాక్షన్ వచ్చింది కాబట్టి ఏఎస్‌వీ పడదు అని రాసి పంపే చీటీలు చాలా చూశాను. ఆ చీటీతో వచ్చిన రోగికి రెండు అపాయాలు, విషం లోపలే ఉంది, మందు సగమే పోయింది. శ్రీలంకలో వెయ్యి మందికి పైగా రోగులపై జరిగి 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, మందు మొదలుపెట్టే ముందే అడ్రినలిన్ 0.25 మి.లీ. చర్మం కింద ఇస్తే తీవ్రమైన రియాక్షన్లు బాగా తగ్గాయి. హైడ్రోకార్టిజోన్ ముందుగా ఇవ్వడం వల్ల ఆ మేలు కనబడలేదు. ముసలివారికి, గుండెజబ్బు, బి.పి. ఉన్నవారికి తప్ప తక్కినవారికి నేను ఆ పద్ధతినే పాటించాను.

నేను ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను గాని, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనూ భయపడ్డాను. నలభై ఏళ్ల రైతు, మోటారు వేయడానికి రాత్రిపూట తోటకు పోయి రక్తపింజరిని తొక్కాడు. చిగుళ్ల నుంచి నెత్తురు వస్తున్నది, కాలు మోకాలి దాకా ఉబ్బింది. బీరువాలో మందు ఉంది. రియాక్షన్ వస్తే చూసుకునేవారు లేరని, టెటనస్ సూది వేసి, సెలైన్ పెట్టి పంపించాను. తొంభై కిలోమీటర్లు. దారిలోనే పోయాడు. ఆ కుటుంబం నన్ను ఒక్క మాట అనలేదు. పైగా అంబులెన్సు వెంటనే పిలిపించానని కృతజ్ఞత చెప్పారు. రక్తం గడ్డకట్టని మనిషికి కండరంలోకి టెటనస్ సూది కూడా తప్పేనని తర్వాత చదువుకున్నాను. అది రక్తం కుదుటపడ్డాక వేయవలసినది. అడ్రినలిన్ ఒక్కటే ఆ నియమానికి మినహాయింపు.

మందు ఎక్కిన తర్వాత రక్తం ఎప్పుడు మళ్లీ చూడాలన్నది తరచుగా తప్పిపోయే చోటు. రెండు గంటలకే పరీక్షించి, ఇంకా గడ్డకట్టలేదని మరో పది వయళ్లు ఎక్కించేస్తారు. మందు విషాన్ని అడ్డుకుంటుంది గాని, విషం తినేసిన గడ్డకట్టే పదార్థాలను కాలేయమే మళ్లీ తయారుచేయాలి. దానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. కాబట్టి ఆరు గంటలకు పరీక్షించి, అప్పటికీ గడ్డకట్టకపోతేనే రెండో మోతాదు. ఈ లెక్కన రక్త విషానికి 30 వయళ్ల దాకా పోవలసి రావచ్చును. నరాల విషానికి మొదటి పది ఇచ్చిన గంట రెండు గంటలకు పరిస్థితి ఇంకా దిగజారుతుంటే మరో పది, అంతటితో సరి. 20 దాటి ఇచ్చినా ఊపిరి తిరిగి రాదు, అంబు బ్యాగే తేవాలి. మన మందుకు వాడే విషంలో అత్యధిక భాగం 1978లో మహాబలిపురం దగ్గర ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం పట్టే పాముల నుంచి వస్తుంది. అక్కడి పాము విషానికీ మన పాము విషానికీ కొంత తేడా ఉండవచ్చును కాబట్టి ఒక్కొక్కసారి మందు ఎక్కువ పడితే ఆశ్చర్యపోనవసరం లేదు.

చేయకూడనివి ఒకటి రెండు. రోగి కాలికి తాడో, తలగుడ్డో బిగించి తెస్తారు. చూడగానే కత్తిరించి పారేయాలనిపిస్తుంది, ఆగండి. నరానికి సూది పెట్టి, మందు మొదలుపెట్టి, అడ్రినలిన్, అంబు బ్యాగు చేతికి అందేలా ఉంచుకొని, అప్పుడు మెల్లగా వదులు చేయండి. ఒక్కసారిగా విప్పితే కట్టు కింద ఆగిన విషం ఒక్కుమ్మడిగా పైకి పోయి రోగి కుప్పకూలవచ్చును. మెట్టెలు, కడియాలు, ఉంగరాలు మాత్రం వెంటనే తీయించండి. వాపు పెరిగాక అవే వేలికి ఉరితాళ్లవుతాయి. బ్లేడుతో కోసి వస్తారు, పసరు పూసుకొని వస్తారు, వేపాకు నమిలి చేదు తెలిసిందా లేదా అని పరీక్ష చేయించుకొని వస్తారు. వారిని తిట్టవద్దు. తిట్టించుకున్న ఊరు తర్వాతి రోగిని మంత్రగాడి దగ్గరికి ముందు తీసుకుపోతుంది. నేను ఒక మంత్రగాడితోనే స్నేహం చేసుకున్నాను. మంత్రం వేసి విబూది పెట్టిన వెంటనే బండి ఎక్కించమని, వేసినందుకు ఊరివాళ్లు ఇచ్చేది ఆయన తీసుకోవచ్చునని ఒప్పందం. ఆ తర్వాత ఆయన పంపినవారే నా దగ్గరికి తొందరగా వచ్చేవారు. ఉబ్బిన కాలును చూసి వెంటనే కోయించాలన్న ఆరాటం సర్జన్లకు ఉంటుంది. రక్తం గడ్డకట్టే స్థితికి రాకముందు, కండరాల్లో ఒత్తిడి కొలవకుండా కోతకు ఒప్పుకోవద్దు. నొప్పికి పారాసిటమాల్ చాలు. డైక్లోఫినాక్ మూత్రపిండాలకూ, రక్తానికీ రెండింటికీ చెరుపు. కరిచినచోట కండ కుళ్లుతున్న గుర్తులు లేకపోతే యాంటీబయాటిక్ అక్కరలేదు.

ఎవరిని పంపాలి? ఊపిరి కండరాలు బలహీనపడుతున్నవారిని, మూత్రం తగ్గినవారిని, బి.పి. నిలవనివారిని, మొదటి మోతాదు తర్వాతా నెత్తురు ఆగనివారిని. మొదటి మోతాదు ఎక్కిన తర్వాతనో, ఎక్కుతూ ఉండగానో పంపండి. అంబులెన్సు రావడానికి పట్టే సమయంలోనే సగం మందు పోతుంది. నరాల విషం అయితే మింగుడు పోగానే, ఊపిరి ఆగకముందే గొట్టం వేసి పంపడం మంచిది. కదిలే బండిలో గొట్టం వేయడం అనుభవం ఉన్నవారికే కష్టం. వెంట పంపే చీటీలో కరిచిన సమయం, మందు మొదలైన సమయం, ఎన్ని వయళ్లు, రక్తం ఏ వేళకు గడ్డకట్టలేదు, ఒక్క ఊపిరిలో ఎంత లెక్కపెట్టాడు అన్నవి రాయండి. "పాముకాటు, పై చికిత్సకు" అని ఒక్క వాక్యం రాస్తే అవతలి డ్యూటీ డాక్టరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. ఎక్కడికి పంపాలన్నది జిల్లా పటం చూసి కాక దారి చూసి నిర్ణయించుకోండి. రాయదుర్గం వైపు నుంచి బళ్ళారి, మడకశిర వైపు నుంచి హిందూపురం దగ్గర. బయలుదేరకముందే ఫోను చేసి మంచం, వెంటిలేటరు ఉన్నదీ లేనిదీ అడగండి.

రక్తపింజరి రోగి రక్తం కుదుటపడగానే ఇంటికి పోతానంటాడు. మూత్రం కొలిచి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూసి గాని పంపవద్దు; మూత్రపిండాల దెబ్బ రెండో రోజు, మూడో రోజు బయటపడుతుంది, సకాలంలో డయాలిసిస్ అందితే చాలామందికి తిరిగి బాగవుతుంది. కళ్ల తెల్లగుడ్డు ఉబ్బినట్లు, చెంపలు వాచినట్లు కనిపిస్తే అది నిద్రలేమి కాదు, రక్తనాళాల నుంచి నీరు బయటికి కారుతున్న గుర్తు. ఆ రోగిని వెంటనే పంపాలి. ఇంటికి పోయేటప్పుడు రెండు మాటలు చెప్పి పంపండి. వారం పది రోజులకు జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వస్తే అది మందు వల్ల ఆలస్యంగా వచ్చే తిరుగుబాటు, కొద్దిరోజులు ప్రెడ్నిసొలోన్‌తో తగ్గుతుంది. మళ్లీ విషం ఎక్కిందని మంత్రానికి పోవద్దనండి. రెండోది, నెలలకో ఏళ్లకో తీరని నీరసం, ఆడవారికి నెలసరి ఆగిపోవడం, మగవారికి గడ్డం పలచబడడం కనిపిస్తే వచ్చి కలవమనండి; రక్తపింజరి కాటు కొందరిలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తుంది, దాన్ని ఎవరూ పాత కాటుతో ముడిపెట్టి చూడరు.

చివరగా సరుకు సంగతి. మన దగ్గర కాట్లు జూన్‌లో విత్తనం వేసేటప్పుడు పెరిగి, వేరుశనగ కాయ పీకి కట్టె వాములు వేసే దాకా తగ్గవు. కాబట్టి మే నెలలోనే మందు కావాలని ఇండెంటు పెట్టి, కనీసం ఇద్దరు రోగుల మొదటి మోతాదుకు సరిపడే 20 వయళ్లు ఎప్పుడూ బీరువాలో ఉండేటట్లు చూసుకోండి. కరెంటు పోయే ఊరు కనుక ఫ్రిజ్ మీద ఆధారపడే ద్రవ మందు కంటే పొడి మందు అడగండి. బీరువా తాళం ఫార్మసిస్టు ఇంటికి తీసుకుపోకుండా, రాత్రి డ్యూటీ నర్సు దగ్గర ఉండాలి. అడ్రినలిన్ గడువు తేదీ, పిల్లల సైజు అంబు బ్యాగు మాస్కు, రెండూ ఈ వారంలోనే చూడండి. గాజు గొట్టాలు సరఫరాలో దొరక్కపోతే అనంతపురంలో ల్యాబు సామాను అమ్మే అంగట్లో వంద కొనుక్కోండి, పెద్ద ఖర్చేమీ కాదు. వాటిని కొత్తవిగానే ఒక డబ్బాలో వేసి, మూత మీద "కడగవద్దు, వాడి పారేయండి" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి.